గడిచిన ఏడు రోజుల్లో ఎవరేం చేశారు

మా ఇంటికి కాగితం పట్టుకున్న మనిషి ఎవరు వచ్చినా ముందుగా కదిలేది చాట. కోడలి ఒడిలో ఉన్న చాట మా ముసలిదాని ఒడిలోకి పోతుంది. కోడలు లేచి, కొంగు దులుపుకుని, వంటింటి గడప దగ్గర నిలబడుతుంది. ముసలిది వణికే వేళ్లతో ఒక ఆకు అందుకుని, చుడుతున్నట్టు తల వంచుకుంటుంది. ఇదంతా గేటు చప్పుడుకూ చెప్పులు విడిచే చప్పుడుకూ మధ్య జరిగిపోతుంది. ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

చాటలో ఉండేవి బియ్యం కావు. కత్తిరించిన తునికాకు ముక్కలు, మధ్యన గుప్పెడు తంబాకు, ఒక పక్కన దారపు ఉండ. కరీంనగర్ నుంచి పెద్దపల్లి దాకా మా దిక్కు ఏ ఊరికి పోయినా ఈ చాట లేని వాడ అరుదు. బీడీల కంపెనీ ఆకూ తంబాకూ ఇస్తుంది. ఇంటి దగ్గర కూర్చుని చుట్టి, కట్టలు కట్టి, కార్ఖానాలో అప్పజెప్పాలి. ఆకు కావాలంటే కార్డు ఉండాలి. కార్డు మీద ఒక ఫొటో, ఒక పేరు. ఒక కార్డుకు ఒకే జత చేతులు అన్నది కంపెనీ నియమం. మా ఇంట్లో కార్డు మా ముసలిదానిది. చేతులు కోడలివి. పందొమ్మిదేళ్లుగా అంతే.

ఇది మా ఒక్క ఇంటి దొంగతనం అనుకునేరు. అవ్వ కార్డు మీద బిడ్డ, అత్త కార్డు మీద కోడలు, ఎప్పుడో పెళ్లయి పోయిన ఆడబిడ్డ కార్డు మీద వదిన. కార్డు ఇంటి బావి లాంటిది. తవ్వించింది ఎవరైనా తోడుకునేది అందరూ. ఈ సంగతి కార్ఖానా నడిపే టేకేదారుకు తెలుసు. కంపెనీకి తెలియదంటే నేను నమ్మను. తెలియనిదల్లా కాగితాలకే. కాగితాలకు ఎందుకు తెలియదంటే, వాటి మీద రాసింది నా లాంటివాళ్లే.

పోయిన ఎండాకాలం మొదట్లో ఒక ఆడపిల్ల వచ్చింది. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో పలకంత ఫోను. సర్కారు సర్వే అంది. దేశంలో ఎవరు పని చేస్తున్నారు, ఎవరు పని కోసం వెతుకుతున్నారు, ఎవరు ఈ రెండూ కాదు అనేది ఇల్లిల్లూ తిరిగి అడుగుతారట. మా వాడలో కొన్ని ఇళ్లకే చీటీ పడిందట. ఇదే ఇంటికి, ఇవే ప్రశ్నలతో మళ్లీ మళ్లీ వస్తానని ముందే చెప్పింది.

"తాతా, ఇంటి పెద్ద ఎవలు?"

"నేనే," అన్నాను. నా పనంతా అప్పటికి పేపరు చదవడమే అయినా సరే.

"గడిచిన ఏడు రోజులల్ల ఎవలెవలు ఏం పని చేసిన్రో ఒక్కొక్కలది చెప్పురి."

మొదట కొడుకు సంగతి. వాడు ట్రాక్టరు నడుపుతాడు, పరాయివాళ్లది. నాట్లూ కోతలూ లేనప్పుడు బస్టాండు దగ్గర కూర్చుంటాడు. ఆ వారం రెండు పూటలు దున్నడానికి పోయాడు.

"గంట చేసినా పని చేసినట్టే తాతా. మరి కడమ దినాలు? పని కోసం సూసిండా?"

"బస్టాండు కాడ కూసున్నడు."

"గదే సూసుడు," అని రాసుకుంది.

తర్వాత ముసలిది. అప్పటికే చాట ఆమె ఒడిలో ఉంది. బీడీలు చేస్తుందని చెప్పాను. ఆ పిల్ల కాసేపు ముసలిదాని చేతులకేసి చూసింది.

"ఏళ్లు వణుకుతున్నయేందవ్వా?"

"సలి, బిడ్డా."

బయట గోడ మీద ఎండ మండుతోంది. గోడ నీడన కుక్క నాలుక వేలాడేసుకుని పడుకుంది. ఆ పిల్ల కుక్కకేసి చూసి, మళ్లీ ముసలిదానికేసి చూసింది.

"మరి అక్క?"

"ఆమె ఏం చెయ్యది. ఇంట్లనే ఉంటది," అన్నాను.

"మరి నడుముకు కత్తెర ఉన్నది గదా తాతా."

లేచే తొందరలో కోడలు ఆకు కోసే కత్తెర తీయడం మరిచిపోయింది. "కూరగాయలు కోసుకుంటది," అన్నాను. ముసలిదానికి నవ్వు ఆగక దగ్గు తెచ్చుకుంది.

"కుట్లు? బర్రెలు? కోళ్లు? కట్టెలు ఏరి తెచ్చుడు? ఈ ఏడాది మొత్తంల ఏదన్న పని?"

"ఏం లెవ్వు."

"మీరు చెప్పిందే నేను రాయాలె తాతా. నా కండ్లు సూసిందానికి ఈ ఫోన్ల గడి లేదు," అని వేలితో ఫోను మీద నొక్కింది. పోతూ పోతూ మంచినీళ్లు తాగుతుంటే అడిగాను, నీది సర్కారు నౌకరేనా బిడ్డా అని.

"కాంట్రాక్టు తాతా. ఏడాది కాంగనే మల్ల దరఖాస్తు పెట్టుకోవాలె."

"మరి నీ పని ఎవలు రాస్తరు?"

"మా ఇంటికి చీటీ పడలే," అని నవ్వుకుంటూ పక్కింటికి పోయింది.

చాట మళ్లీ కోడలి ఒడిలోకి వచ్చింది. చాయ్ పెట్టమన్నాను.

"ఏం చెయ్యనిదాన్ని, చాయ్ ఎట్ల చెయ్యాలె మామా?"

"కూరగాయలు కోసే కత్తెర తోని చెయ్యే," అంది ముసలిది, ఇక పట్టలేక పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. కోడలు నవ్వలేదు. నాలుగు బీడీలు చుట్టేదాకా తల ఎత్తలేదు. తర్వాత అంది:

"అత్త చేతి ఏళ్లు పోయినయి. ఈ కార్డు ఇంకెన్నొద్దులు నడుస్తది? నా పేరు మీద ఒకటి చెయ్యిమని ఎన్నిసార్లు చెప్పిన? అత్త తోనే నా పని గూడ సచ్చిపోతది మామా. గప్పుడు నిజంగనే ఏం చెయ్యనిదాన్నయితా."

నేను పేపరు తిప్పుకున్నాను.

ఆమెను మేము ఎట్లా కోడలిగా తెచ్చుకున్నామో చెబితే గానీ ఆ మాట బరువు తెలియదు. పెద్దపల్లి అవతల ఒక ఊళ్లో పిల్ల ఉందంటే చూడటానికి పోయాం. మా దిక్కు అప్పట్లో పిల్ల చదువు ఒకసారి అడిగితే, "బీడీలు వచ్చా?" అని రెండుసార్లు అడిగేవాళ్లు. అడిగింది నేనే. వాళ్ల బాపు ఛాతీ విరుచుకుని, "పొద్దుమూకేటాళ్లకు వెయ్యి చేస్తది బావా, ఒక్కటి వాపసు రాదు," అన్నాడు. చాట తెచ్చి ఆ పిల్లను మా ముందు కూర్చోబెట్టారు. తల ఎత్తకుండా చుట్టింది. చుట్టినదాంట్లో ఒకటి నేను తీసుకుని ముట్టించాను. మధ్యలో ఆరిపోలేదు, పక్కకు కాలలేదు, దారం దాకా సమంగా కాలింది. పీక పారేసి, "ఖాయం చేసుకుందాం," అన్నాను. పనిని చూసి తెచ్చుకున్న మనిషి. అక్కడ అవ్వ కార్డు మీద చేసింది, ఇక్కడ అత్త కార్డు మీద చేసింది. ఏ రోజూ తన పేరు మీద ఒక్క ఆకు అందుకోలేదు.

ఒకసారి అందుకునే వీలు వచ్చింది. చాలా ఏళ్ల కింద కంపెనీ కొత్త కార్డులు ఇస్తానంది. నా చేతిరాత బాగుంటుందని వాడలో ఆడవాళ్లంతా ఫారాలు పట్టుకుని మా అరుగు మీద వరస కట్టారు. రెండు రోజులు కూర్చుని అందరివీ నింపాను. కోడలు కూడా ఫొటో దిగి వచ్చి నా చేతిలో పెట్టింది. ఒక ఇంటికి ఎన్ని కార్డులున్నా ఆకు అంతే ఇస్తామని అప్పటి టేకేదారు అన్నాడు. అంతే ఆకైతే రెండో కార్డు ఎందుకు, అత్త ఉండగా కోడలికి వేరే కార్డేమిటి అనుకున్నాను. వాడంతటి ఫారాలూ నింపి, నా ఇంటి ఫారం ఒక్కటీ వదిలేశాను. ఫొటో నా పెట్టెలో వేశాను. ఆ తర్వాత కొత్త కార్డు ఎవరికీ ఇవ్వలేదు.

నాకు ఈ రాత ఎక్కడ పట్టుబడిందో కూడా చెప్పాలి. బడి గడప తొక్కినవాణ్ణి కాదు. పడుచుతనంలో ఎండాకాలాలు ఆదిలాబాద్ అడవులకు పోయేవాణ్ణి, తునికాకు పనికి. ఇచ్చోడ దాటి లోపలికి పోతే ఆకు ఆరబోసే కల్లం ఉండేది. మొదట బస్తాలు తొక్కాను. లారీల వెనక రాతలు చూసి, సరుకు చుట్టి వచ్చిన పాత పేపర్లు విడదీసి, అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను. మూడో ఏటికి నన్ను మున్షీని చేశారు. ఆడవాళ్లు తెల్లవారకముందే అడవిలోకి పోయి, వంగి వంగి ఆకు తెంపి, యాభై ఆకుల కట్టలు కట్టి, మిట్టమధ్యాహ్నానికి నెత్తిన మోసుకొచ్చేవాళ్లు. నేను నీడలో కూర్చుని కట్టలు లెక్కబెట్టి బుక్కులో పేరు రాసేవాణ్ణి. ఎవరి పేరు? ఇంటి పెద్ద పేరు. అంటే మొగుడి పేరు. మొగుడు లేకుంటే కొడుకు పేరు.

ఒకనాడు ఒకామె నా పెన్ను మీద చెయ్యి అడ్డం పెట్టింది. మోచేతుల దాకా ముళ్ల గీతలు. ఆ దిక్కు తెలుగులో మరాఠీ కలుస్తుంది, మొగుణ్ణి నవ్రా అంటారు.

"జర ఆగు మున్షీ. తెంపింది నేను, కట్టింది నేను, మోసింది నేను. మా నవ్రా పేరెందుకు?"

"ఇంటికి ఒక్కటే పేరు బాయీ. రూలు గట్లున్నది."

"గట్లయితే రేపు ఆయన్నే పోయి తెంపుమను. నేను నీడల కూసుండి పేరు రాయించుకుంట."

కల్లంలో ఉన్న ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆమె మొగుడి పేరు రాశాను. రాత కొత్తగా వచ్చినవాణ్ణి, అక్షరాలు ముత్యాల్లా పడుతున్నాయని మురిసిపోతున్న రోజులవి. అక్కడ ఆమె తెంపిన ఆకే రైలెక్కి, లారీ ఎక్కి, ఇక్కడ మా ఆడవాళ్ల ఒడిలోకి వచ్చేది. ఆ కొసన తెంపినదాని పేరు లేదు, ఈ కొసన చుట్టినదాని పేరు లేదు. ఈ సంగతి నాకు ఇన్నేళ్ల తర్వాత తట్టింది. అప్పుడు తట్టలేదు. అప్పుడు రూలు తట్టింది.

వానలు మొదలయ్యాక కార్ఖానా నుంచి కబురు వచ్చింది. కార్డు ఉన్నవాళ్లంతా స్వయంగా వచ్చి కొత్త యంత్రంలో వేలిముద్ర వేయాలి. ముసలిదాన్ని ఆటోలో ఎక్కించాం. నేను ఒక పక్క, కోడలు ఒక పక్క. ఆటోలో కోడలు అత్త చేతులు తన ఒడిలో పెట్టుకుని దారి పొడుగునా వేళ్లు రుద్దుతూనే ఉంది.

మా టేకేదారు ముసల్మాను, మంచి మనిషి. నన్ను చాచా అంటాడు, ముసలిదాన్ని చాచీ అంటాడు. వాళ్లింట్లో కూడా చాట ఉంది. ఆ రోజు అతని కుర్చీలో కంపెనీ నుంచి వచ్చిన ఒక ఆఫీసరు కూర్చున్నాడు. వరసలో ముప్పై మంది దాకా ఆడవాళ్లు. మా పక్కింటి ముసలమ్మ బొటనవేలు పెట్టగానే యంత్రం పచ్చగా వెలిగింది. మా ముసలిది పెట్టింది, ఎర్రగా వెలిగింది. గుడ్డతో తుడిచి పెట్టింది, ఎర్రగానే. పది వేళ్లూ అయ్యాయి.

ఆఫీసరు ఆమె చెయ్యి వెలుతురులోకి తిప్పి చూశాడు. "గీతలే లేవు. ఏం పని చేస్తే ఇట్ల అరిగిపోతయమ్మా?"

టేకేదారుకు నవ్వు ఆగలేదు. "బీడీలు చేస్తేనే సార్."

ఆఫీసరు నవ్వలేదు. "అయితే నా ముందర రెండు చుట్టి చూపించమను. చూసి నేనే రాసుకుంటా."

చాట తెచ్చారు. ముసలిది కూర్చుంది. మొదటి ఆకు చిరిగింది.

"ఆకు నానలే సార్, పొడిగున్నది," అంది కోడలు. ఆకు మంచిగానే నానింది.

రెండో ఆకులో తంబాకు పోసింది, సగం ఒడిలో పడింది. చుట్ట తిప్పింది గానీ దారం కొస వేళ్లకు దొరకలేదు. వరసలో ఉన్న ఆడవాళ్లంతా ఆమె వేళ్లకేసే చూస్తున్నారు. వాళ్లలో సగం మందికి చుట్టడం నేర్పింది ఈ ముసలిదే. మూడో ఆకు అందుకుని అట్లాగే పట్టుకుని ఉండిపోయింది. ఆమె ఆఫీసరు ముఖం కేసి చూడలేదు. తన చేతులకేసి చూసి, "ఇవి నావి కావే," అంది, ఎవరితోనో అన్నట్టు.

కోడలు ఆమె పక్కన చతికిలబడి చాట తన ఒడిలోకి గుంజుకుంది. పందొమ్మిదేళ్లుగా కాగితం చూడగానే అత్త ఒడికి పోయే చాట, ఆ రోజు అందరి ముందే అటు నుంచి ఇటు వచ్చింది. చూస్తుండగానే ఒకటి, రెండు, నాలుగు, ఆరు. ముడి వేసి, బీడీల మూతి మడిచి, ఆఫీసరు ముందు వరసగా పేర్చింది.

"ఇగో. ఇది మా అత్త నేర్పిన చెయ్యే. రాసుకోండ్రి."

ఆఫీసరు ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎన్నేళ్ల నుంచి చేస్తున్నవమ్మా?"

టేకేదారు కోడలికేసి చూసి కళ్లతో వద్దన్నాడు. ఆమె చూడలేదు. చూసినా ఆగేది కాదనుకుంటాను. "పందొమ్మిదేండ్లు," అంది. ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతులో ఒక గర్వం పలికింది. కాగితం పట్టుకున్న మనిషికి మా ఇంట్లో ఎవరైనా నిజం చెప్పడం అదే మొదలు.

కార్డు మూసేశారు. కార్డు ఉన్నామెకు పని రాదు, పని వచ్చినామెకు కార్డు లేదు. నేను లేచి గట్టిగానే మాట్లాడాను. ఆఫీసరు చెడ్డవాడేమీ కాదు. "కొత్త కార్డులు ఇయ్యమని లేదు పెద్దాయనా. పాత కార్మికులైతే ఎక్కించే వీలున్నది. ఈమె ఇన్నేళ్లుగా ఇదే పని చేస్తున్నదని సర్కారు కాగితం ఏదన్న ఒక్కటి తెండి. ఏ సర్వేదన్న, ఏ దరఖాస్తుదన్న. పది రోజులు ఆగుతా," అన్నాడు.

కోడలి ముఖం వెలిగింది. "మా మామ కాడ పెట్టెడు కాగితాలున్నయి సార్. ఒక్కటి గూడ పారెయ్యడు."

ఆటోలో వస్తున్నంతసేపూ ఆమె మాట్లాడుతూనే ఉంది. పెట్టెలో ఏముందో నాకు తెలుసు.

ఇంటికి రాగానే రేకు పెట్టె తెరిచింది. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. రేషన్ కార్డు దరఖాస్తు నకలు. ఇంటింటి సర్వే నకలు. మనవరాలి బడి ఫారం. పొదుపు సంఘం ఫారం. అన్నీ నా చేతిరాతే. ఆమె ఏడో తరగతి దాకా చదివింది. తన పేరు ఉన్న వరస వెతికి, వృత్తి అన్న గడి మీద వేలు పెట్టి, పైకి చదివింది.

"గృహిణి."

ఇంకొకటి తీసింది. "గృహిణి."

ఇంకొకటి. "ఏమీ లేదు."

కార్డు సంగతి బయటపడుతుందేమోనన్న భయంతో రాసినవి కొన్ని. భయం అక్కర్లేని చోట కూడా రాసినవి కొన్ని. కోడలి పేరు ఎదురుగా పని రాస్తే ఇంటి మగవాళ్లు ఏం చేస్తున్నారని అడుగుతారేమోనన్న రోషం అది. నాకు అడవి కల్లంలో అలవాటైన చెయ్యి అది, తనంతట తనే రాసుకుపోయింది. పెట్టె అడుగున ఆమె ఫొటో దొరికింది. కొత్త కార్డు కోసం దిగిన ఫొటో. చెమ్మకు ఒక చెంప కరిగిపోయింది. ఫొటో కేసి కాసేపు చూసి, కాగితాలన్నీ వరసగా పేర్చి, మళ్లీ పెట్టెలో పెట్టింది.

"నీ అచ్చరాలు మంచిగుంటయి మామా," అంది.

కొట్టినా బాగుండేది.

అర్జీ రాసుకుని కరీంనగర్ పోయాను. ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిప్పారు. ఒకచోట గుమాస్తా నా అర్జీ, పాత నకళ్లు పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

"పెద్దాయనా, ఈ రాత ఎవలది?"

"నాదే."

"ఈ రాత?"

"నాదే."

"మరి గప్పుడు అబద్ధం రాసినవా, గిప్పుడు రాస్తున్నవా?"

అప్పుడు రాశానంటే ఇప్పటిది ఎందుకు నమ్మాలంటాడు. ఇప్పుడు అంటే ఇక మాటే లేదు. పది రోజులూ అట్లాగే అయిపోయాయి.

ఆ రోజుల్లోనే పేపర్లో ఒక వ్యాసం చదివాను. దేశంలో ఆడవాళ్లు పనిలోకి ఎందుకు రావడం లేదని పెద్దపెద్ద చదువులవాళ్లు వాదించుకుంటున్నారు. పక్కన ఒక బొమ్మ వేశారు. మగవాళ్ల గీత పైన, ఆడవాళ్ల గీత కింద. చదువుకుంటున్నారు గనుక రావడం లేదని ఒకరు, ఇంట్లో జరుగుబాటు ఉంది గనుక రావడం లేదని ఇంకొకరు. కోపంతో పేపరు నలిపి పారేశాను. రాకపోవడమేమిటి? వాళ్లు ఎప్పుడు పోయారని? నాటు వేసేది ఎవరు, ఆకు తెంపేది ఎవరు, ఈ జిల్లా నోట్లో బీడీ పెట్టింది ఎవరు? అరుగు మీద కూర్చుని ఒక్కణ్ణే తిట్టాను. తిట్టి తిట్టి, నలిపిన పేపరు మళ్లీ తెచ్చి అరచేత్తో సాపు చేశాను. ఆ కింది గీతను అంత కిందికి గుంజిన చేతుల్లో నాదీ ఒకటి. అందమైన చేతిరాత గల చెయ్యి.

సర్వే పిల్ల మళ్లీ వస్తుంది గదా అనుకున్నాను. ఆ ఒక్కచోటైనా సరిచేయిస్తే, ఆ కాగితమైనా కోడలికి పనికొస్తుందేమో. ఆమె కోసం నేను ఎదురుచూసినట్టు పెళ్లిళ్ల పేరయ్య కోసం కూడా ఎవరూ చూసి ఉండరు. వచ్చింది. ఈసారి చాట కదలలేదు. కదిలి పోవడానికి ఎదురుగా ఒడి లేదు. ముసలిది మంచం పట్టింది. కోడలు గడపలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. నడుముకు కత్తెర లేదు.

"రాయి బిడ్డా," అన్నాను ఆమె కూర్చోకముందే. "పోయినసారి నేను అబద్ధం చెప్పిన. మా కోడలు బీడీ కార్మికురాలు. పందొమ్మిదేండ్లు. మంచిగ రాయి."

ఆ పిల్ల ముఖం విచ్చుకుంది. "నాకు గప్పుడే ఎరుకైంది తాతా. సంతోషం. చెప్పు మరి, గడిచిన ఏడు రోజులల్ల ఎన్ని దినాలు చేసింది?"

కోడలి చాటలో బియ్యం కేసి చూశాను.

"ఏడు రోజులల్ల చెయ్యలే. కార్డు పోయింది."

"ఒక్క గంటన్న?"

"ఆకే లేదు బిడ్డా, ఏం చుడ్తది?"

"మరి వేరే పని కోసం సూసిందా? ఎవలనన్న అడిగిందా?"

"ఏడికి పోయి అడుగుతది? అత్త మంచంల ఉన్నది."

ఆ పిల్ల వేలు ఫోను మీద ఆగిపోయింది. "అయితే పోయినసారి రాసిన గడే తాతా. ఇంటి పని. అదే నంబరు."

"అదెట్ల? మా కొడుకు బస్టాండు కాడ కూసుంటే పని సూసుడంటివి!"

"అన్న బయట కూసున్నడు. అక్క ఇంట్ల కూసున్నది."

"మరి పందొమ్మిదేండ్లు? అది ఏ గడిల పోవాలె?"

"ఏడాది సంగతి మొదటిసారే అడిగిన తాతా. అది మల్ల తెరుచుకోది. ఇప్పుడు ఏడు రోజులే." ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. లేదా నాకు అట్లా అనిపించింది.

నేను అరవడం మొదలుపెట్టాను. సర్కారును తిట్టాను, కంపెనీని తిట్టాను, ఫోనును తిట్టాను. పని చేసిన రోజున అదే నంబరు, పని పోయిన రోజున అదే నంబరు, ఇక సర్వే ఎందుకు, మా గోడ మీద బొగ్గుతో రాసుకుపోండి అన్నాను. ఆ పిల్ల తల వంచుకుని కూర్చుంది. తిట్టవలసిన మనిషి ఆమె కాదని తెలిసి కూడా ఆగలేకపోయాను.

"ఊకో మామా."

కోడలు చాట పక్కన పెట్టి వచ్చి ఆ పిల్ల ఎదురుగా కూర్చుంది. "ఆయన్ని కాదు, నన్ను అడుగు చెల్లే."

అడిగింది. ఒక్కొక్కదానికీ కోడలే జవాబు చెప్పింది. పని చేసినవా? చెయ్యలే. పని కోసం సూసినవా? సూడలే. ఎందుకు సూడలే? ఇంట్ల మనిషి మంచంల ఉన్నది. దొరికితే చేస్తవా? చేస్త. నిదానంగా, గొంతు పెంచకుండా చెప్పింది. ఆఖరుకు ఆ పిల్ల అడిగింది:

"ఈ సంగతులు చెప్పింది ఎవలని ఒక గడి ఉన్నది అక్కా. పోయినసారి తాత పేరు రాసిన."

"ఇప్పుడు నా పేరు రాయి," అంది కోడలు. తప్పు పడకుండా ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది. ఫోను తన వైపు తిప్పించుకుని, సరిగ్గా పడిందో లేదో చదువుకుంది. నాకు తెలిసి సర్కారు కాగితంలో ఆమె పేరు సొంతంగా ఎక్కింది అక్కడే. పని చేసినందుకు కాదు, పని లేదని చెప్పినందుకు.

ఆ పిల్ల మంచినీళ్లు తాగకుండానే లేచి పక్కింటికి పోయింది. గేటు చప్పుడైంది. మాకూ వాళ్లకూ మధ్య ఉన్నది ఇటుక గోడ ఒక్కటే, అన్నీ వినబడతాయి. గేటు చప్పుడు వెనకాలే చాట నేల మీద జరిగిన చప్పుడు, ఎవరో లేచి కొంగు దులుపుకున్న చప్పుడు.

"గడిచిన ఏడు రోజులల్ల ఎవలెవలు ఏం పని చేసిన్రు పెద్దాయనా?"

ఆ ఇంటి ముసలాయన నా ఈడువాడే. వాళ్ల ఫారాలు కూడా నేనే నింపాను. కోడలి వంతు వచ్చేదాకా చెవి గోడకు పెట్టుకునే ఉన్నాను.

"మా కోడలా? ఏం చెయ్యది బిడ్డా. ఇంట్లనే ఉంటది."

గోడ పట్టుకుని లేచాను. కేక వేద్దామని నోరు తెరిచాను. నిజం చెప్పమని వేయాలా? నిజం చెప్పిన మా కోడలు గడపలో బియ్యం ఏరుతోంది. వాళ్ల కార్డు ఇంకా ఉంది, వాళ్ల ఇంట్లో ఇంకా ఆకు నానుతోంది. వెనక్కి తిరిగి చూస్తే కోడలు నాకేసే చూస్తోంది. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

నోరు మూసుకుని కూర్చున్నాను.